మొగిలమ్మ చెవిలో చెప్పిన పేరు

మొగిలమ్మ తమ్ముడు కట్టయ్య దొంగ అని ఊరంతా నమ్మింది. ఎవరూ రెండోసారి ఆలోచించలేదు.

కేసముద్రం పక్కన వాళ్ల పల్లె. కలప కంట్రాక్టరు వెంకట్రాజం ఏటా ఎండాకాలంలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషుల్ని కుదుర్చుకుని ఏటూరునాగారం అడవికి బండ్లు తోలించేవాడు. పోలీసు చర్య జరిగిన రెండు మూడేళ్లకు, మీసం అప్పుడప్పుడే మొలుస్తున్న కట్టయ్య కూడా అతని బండి తోలడానికి వెళ్లాడు. బండ్లన్నీ తిరిగొచ్చాయి. కట్టయ్య రాలేదు. వెంకట్రాజం వాళ్ల వాకిట్లోకి వచ్చి, వాడకట్టంతా వినేలా, "మీ పోరడు నా ఎడ్లను తోలుకొని గోదారి దాటిండు. దొరికితే కాళ్లిరగ్గొడుత" అని అరిచి వెళ్లిపోయాడు.

అప్పటికే మొగిలమ్మ అత్తగారింట్లో ఉంది. జరిగింది మనుషుల నోటే విన్నది. తల్లి నీళ్లకు పోతే, పొరుగింటి చిలుకమ్మ, "చెంబులు జాగ్రత్త, దొంగోని తల్లి వచ్చింది" అనేదట. తల్లి పగటిపూట బావికి పోవడం మానేసింది, తర్వాత తిండి మానేసింది, ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఇక్కడ అత్తగారింట్లో గిన్నె కనబడకపోయినా, కోడిపెట్ట తప్పిపోయినా అందరి చూపూ మొగిలమ్మ మీదికే తిరిగేది. పిల్లాజెల్లా లేరు. ఒకరోజు కట్టుబట్టలతో బయటికి నడిచి వరంగల్ చేరింది. మిషన్ దవాఖానలో ఆయాగా కుదిరింది. తల్లి గుర్తొచ్చినప్పుడల్లా, "అవ్వను నువ్వే చంపినవురా కట్టిగా" అని తమ్ముణ్ణి తిట్టుకునేది. ఆమె కూడా నమ్మింది మరి.

1958లో ఆ దవాఖానలో ఒక ముసలి బండివాడు క్షయతో చేరాడు. మాటల్లో ఆమె ఊరి పేరు విని మంచం మీద లేచి కూర్చున్నాడు.

"కట్టయ్య అక్కవా నువ్వు?"

"ఆ దొంగోని పేరు తియ్యకు తాతా."

"దొంగ కాదు బిడ్డా," అన్నాడు ముసలివాడు. దగ్గు ఆగాక మెల్లగా చెప్పాడు. "టేకు మొద్దు దొర్లి పోరని నడుం మీద పడ్డది. పొద్దున పడ్డది, పొద్దు గూకేదాక పానం ఉన్నది. బండిల ఏసుకొని దవాఖానకు పోదామని మేమన్నం. ఆ మొద్దులన్నీ పర్మిట్ లేకుంట కొట్టినయి. సంగతి బయట పడుతదని వెంకట్రాజం ఒప్పుకోలేదు. దూప, దూప, గొంతెండుతాందని ఒర్లిండు బిడ్డా నీ తమ్ముడు. వాగు అవతల ఇప్పచెట్టు కింద బొంద పెట్టినం. ఎడ్లను వెంకట్రాజమే అమ్ముకున్నడు. నోరు తెరిస్తే మిమ్ముల కూడ అండ్లనే పెడుతనన్నడు."

ముసలివాడు ఆ వారమే పోయాడు. సాక్ష్యం అతనితోనే మట్టిలో కలిసింది. మొగిలమ్మకు మాత్రం ఆ రోజు నుంచి ఒకే పని మిగిలింది. వార్డులు తుడుస్తున్నా, పక్కలు మారుస్తున్నా వెంకట్రాజం ఎలా చావాలా అని ఆలోచించేది. విషమా, నిప్పా, కత్తా? ఏది తలుచుకున్నా అతను తొందరగా చచ్చిపోతున్నట్టే తోచేది. పొద్దు గూకేదాక ఉంచే చావు ఏదీ తట్టేది కాదు.

దేవుడు పంపినట్టు అతనే ఒకరోజు దవాఖానకు వచ్చాడు; పెళ్లికి ముందు ఊళ్లో చూసిన మొహమే. తెల్లని ధోవతి, భుజం మీద జరీ కండువా; ఎవరో బంధువును చూడడానికి వచ్చాడు. ఎదురుగా మొగిలమ్మ, చేతుల్లో మరిగే నీళ్ల గిన్నె. మొహాన కొడితే చాలు. ఆ క్షణాన ఆమె చేతులు గడగడా వణికాయి. గిన్నె జారి నీళ్లన్నీ ఆమె కాళ్ల మీదే పడ్డాయి.

"అయ్యయ్యో, జర చూసుకోవాలె గదమ్మా," అన్నాడు వెంకట్రాజం జాలిగా, పంచె తడవకుండా ఎత్తి పట్టుకుని.

కాలిన కాళ్ల కంటే ఆ జాలి ఎక్కువ మండింది. నర్సు ఎస్తేరు మందు రాస్తూ ఆమె చేతుల్ని చూసింది. గుండె మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఎన్నాళ్ల నుంచి ఈ వణుకుడు? రాత్రి నిద్ర పడుతాందా?"

"లేదక్కా."

"మందులతోని పోయేది కాదిది. కాజీపేటల సారంగపాణి సారని ఉన్నడు, రైల్వేల గార్డు చేసి దిగిపోయిండు. ఊపిరి పట్టుడు, ధ్యానం నేర్పుతడు. నేను కూడ పోతాన. నువ్వు రా."

"నిమ్మళమైతదా?"

"అయితది."

"చేతులు వణకకుంట అయితయా?"

"అయితయి. ఎందుకు గట్ల అడుగుతానవ్?"

మొగిలమ్మ కాలిన కాళ్ల వైపు చూసుకుంది. వణికే చేతులు ఎవర్నీ చంపలేవని ఆమెకు ఇందాకే తెలిసింది.

సారంగపాణి ఇల్లు రైల్వే క్వార్టర్ల వెనక ఉండేది. బక్కపలచని మనిషి, మాట నెమ్మది. ఉద్యోగంలో ఉండగా నాగపూర్ వైపు ఒక సాధువు దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు. తెల్లవారగానే వాకిట్లో చాపలు పరిచేవాడు. ఫైర్‌మన్‌లు, వాళ్ల భార్యలు, ఎస్తేరు లాంటి క్రైస్తవులు కూడా వచ్చేవాళ్లు. ముందు నిలబడి ఊపిరి తీసుకుంటూ చేతుల్ని మెల్లగా, నీళ్లలోంచి ఎత్తుతున్నట్టు తలపైకి ఎత్తాలి. విడుస్తూ అంతే మెల్లగా దించాలి. తర్వాత అరచేతులు రుద్ది, ఆ వేడిని కళ్ల మీద, రొమ్ము మీద, బొడ్డు మీద పెట్టుకోవాలి. "పానం అనేది పారే నీళ్లసొంటిది. ఎక్కడ గడ్డకడితే అక్కడ నొప్పి. కదిలియ్యాలె," అనేవాడు సారంగపాణి. చివర కూర్చుని కళ్లు మూసుకుని ఊపిరితో పాటు ఒక నామం. ఆ నామం ఆయన చెవిలో చెప్పేవాడు. మొగిలమ్మకు 'సోహం' చెప్పాడు. ఎస్తేరు తన ప్రభువు పేరు తానే తెచ్చుకుంటే సరేనన్నాడు. "ఏ పేరైతేంది బిడ్డా, ఊపిరిల కలవాలె. కలిసినంక నువ్వు అనకున్నా అది అంటనే ఉంటది."

మొగిలమ్మ ఎండా వానా చూడకుండా వెళ్లింది. ఆమె అంత శ్రద్ధగా చేసేవాళ్లు ఆ వాకిట్లో మరొకరు లేరు. కొత్తలో కళ్లు మూస్తే వెంకట్రాజం మొహం వచ్చేది, గుండె దడదడలాడేది. చేయగా చేయగా మొహం వస్తూనే ఉంది, దడ మాత్రం పోయింది. చల్లటి నీళ్ల అడుగున రాయిని చూసినట్టు అతన్ని చూడగలిగేది. నిద్ర పట్టింది. దవాఖానలో సూదికి దారం ఒక్కసారికే ఎక్కించేది. ఎస్తేరు మురిసిపోయింది.

సారంగపాణి మాత్రం ఒకరోజు ఆమెను ఆపి అడిగాడు. "నీకు నిమ్మళం వచ్చింది బిడ్డా. గని ఆ నిమ్మళం ఎవరి కోసమో ఎదురు చూస్తాన్నట్టున్నది. ఏంది సంగతి?"

"ఏం లేదు సారూ," అంది మొగిలమ్మ. ఆమె గొంతు కూడా వణకలేదు.

ఒక పొద్దున కొడవలి నూరి, చీర కొంగు కింద పెట్టుకుని హన్మకొండలో వెంకట్రాజం కలప డిపో దగ్గరికి వెళ్లింది. అతను బయట స్టూలు మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, మంగలి చేత గడ్డం గీయించుకుంటున్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. గొంతు మొత్తం ఎండకు తెరుచుకుని ఉంది. మొగిలమ్మ నాలుగడుగుల దూరంలో నిలబడింది. కొంగు కింద చెయ్యి రాయిలా ఉంది. ఇంత తేలికా అనిపించింది.

అప్పుడే దారిన పోయే పెద్దమనుషులు ఆగి వెంకట్రాజానికి దండం పెట్టారు. డిపోలో పనివాళ్లు, "సేటు మా తండ్రసొంటోడు" అని ఎవరితోనో అంటున్నారు. మొగిలమ్మ వాటిని ఒక్కొక్కటే విన్నది. వెనకటి మొగిలమ్మ అయితే కోపంలో ఏదీ వినేది కాదు. ఇప్పుడు ఆమె బుద్ధి తేటగా ఉంది. వీడు ఈ క్షణాన చస్తే ఏమవుతుంది? ఊరు ఊరంతా పాడె వెనక నడుస్తుంది. దొంగోని అక్క మంచి మనిషిని నరికింది అంటారు. వీడు మహాత్ముడై పోతాడు, కట్టయ్య దొంగగానే మిగులుతాడు. మెడ తెగితే లెక్క తీరదు. వీడి నోరు తెరుచుకోవాలి, నిజం వీడి నోటితోనే రావాలి.

కొడవలి తీయకుండానే వెనక్కి తిరిగింది. భయపడి కాదు, జాలిపడీ కాదు.

తర్వాత కొన్నేళ్లు గడిచాయి. సారంగపాణికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఒకటి అరా ముక్కలు మాత్రం ముద్దముద్దగా వచ్చేవి. ఆయన అరుగు మీద కూర్చుని చూస్తుంటే, మొగిలమ్మే అందరి చేత చేతులు ఎత్తించి దించేది. కొత్తవాళ్లకు ఏ నామం ఇవ్వాలో ఆయన ఆమె చెవిలో గొణిగితే ఆమె వాళ్లకు చెప్పేది. ఆమె గొంతు వింటేనే సగం దడ తగ్గుతుందని కాజీపేట ఆడవాళ్లు అనేవాళ్లు.

1964 చలికాలంలో ఒక ఉదయం రిక్షా ఆగింది. వెంకట్రాజం దిగాడు. మనిషి సగమయ్యాడు. కళ్ల కింద నల్లగా సంచులు. గుండెజబ్బు, నిద్ర లేదు, కన్ను మూస్తే చచ్చిపోతానేమోనని భయం. డాక్టర్లు మనసు నిమ్మళం చేసుకోమన్నారట. సారంగపాణి కాళ్లకు మొక్కి, "బాంచన్ సారూ, నిద్ర ఇప్పియ్యి చాలు" అన్నాడు.

మొగిలమ్మ అతని చేత చేతులు ఎత్తించింది, దించింది. అరచేతులు రుద్దుకోమంది. గుండె దగ్గర ఎలా పెట్టుకోవాలో చూపించింది. ఆమె ఎవరో అతనికి తెలియదు. నామం చెప్పే వేళకు సారంగపాణి ఏదో గొణిగాడు, 'రామ' అన్నట్టు వినిపించింది. మొగిలమ్మ వంగి వెంకట్రాజం చెవి దగ్గర నోరు పెట్టింది. ముందుగా అనుకున్నది కాదు. మాట దానంతట అదే వచ్చింది.

"కట్టయ్య."

అతని మొహం మారుతుందని చూసింది. ఉలిక్కిపడి లేస్తాడని, పారిపోతాడని చూసింది.

"ఏమన్నవమ్మా?"

"కట్టయ్య. ఊపిరి తీసుకుంట కట్ట, ఇడుసుకుంట అయ్య."

వెంకట్రాజం కాసేపు ఆలోచించాడు. "కట్టమైసమ్మ తెలుసు నాకు. ఈ అయ్య కూడ చెరువు కట్ట దేవుడేనా?"

మొగిలమ్మ అతని మొహంలోకి తేరిపార చూసింది. వీడికి పేరు కూడా గుర్తులేదు. తల్లి ప్రాణాన్ని, తన కాపురాన్ని మింగిన, ఊరి నోళ్లలో నలిగిన ఆ పేరు వీడి తలలో ఎక్కడా లేదు.

"మా ఊరి దేవుడు," అంది.

"శక్తిగల దేవుడేనా?"

"మొక్కు తీర్చుకునేదాక ఇడువడు."

ఆమె పగకు అక్కడి నుంచి అసలు పరీక్ష మొదలైంది. ఆ నామం వెంకట్రాజానికి పట్టింది. పది మందిలో కూర్చుని కట్టయ్య, కట్టయ్య అని పెదవులు కదిలిస్తూ ఊపిరి తీసేవాడు. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది. బుగ్గలు నిండాయి. బెల్లం, అరటిపండ్లు పట్టుకొచ్చి అందరికీ పంచేవాడు. "మీ కట్టయ్య నాకు పానం పోసిండమ్మా," అని చేతులు జోడించేవాడు. తమ్ముడు తనను చంపినవాడికే నిద్ర ఇస్తున్నాడు! ఇంటికి వెళ్లి గోడకు తల ఆనించుకుని, "ఎందుకు బతికిస్తానవురా వాన్ని?" అని తమ్ముణ్ణే నిలదీసింది. అరచేతులు రుద్ది కళ్ల మీద పెట్టుకుంటే అవి తడిసిపోయేవి. అయినా మరునాడు వెళ్లి, "ఊపిరి మెల్లగ, మెల్లగ" అని అతనికే చెప్పేది. ఆ పేరు ఎంత లోతుగా దిగితే అంత మంచిది అనుకునేది.

ఆ ఏడాది గడిచాక వెంకట్రాజమే అడిగాడు. "అమ్మా, నాకొక మొక్కున్నది. మీ ఊర్ల ఆ కట్టయ్యకు చిన్న గుడి కట్టిస్త. చోటు చూపిస్తవా?"

"చూపిస్త," అంది మొగిలమ్మ. "ఊరందరి ముందట చెప్పాలె మరి."

"చెప్త. సిగ్గేంది?"

ఇద్దరూ రైలెక్కి కేసముద్రంలో దిగి, ఎడ్లబండి మీద పల్లెకు చేరారు. ఇన్నేళ్లకు మొగిలమ్మ వచ్చిందని, వెంట ఎవరో సేటు ఉన్నాడని జనం పోగయ్యారు; ఇన్నేళ్లలో మారిపోయిన అతన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. ఊళ్లోకి రాగానే వెంకట్రాజం అటూ ఇటూ చూసి, "ఎన్నడో మనుషుల కోసం వచ్చినట్టున్నది ఈ ఊరికి" అన్నాడు. తర్వాత చావడి ముందు నిలబడి గట్టిగా చెప్పాడు.

"నేను చావు దాక పోయి వచ్చినోన్ని. మీ ఊరి కట్టయ్యనే నన్ను బతికిచ్చిండు. పొద్దున లేస్తే ఆయన పేరే, పండుకుంటే ఆయన పేరే. ఆయనకు ఈడ గుడి కట్టిస్త."

జనం మొహమొహాలు చూసుకున్నారు. ముసలిదైపోయిన పొరుగింటి చిలుకమ్మ ముందుకొచ్చింది. "కట్టయ్య దేవుడెవరయ్యా? మా ఊర్ల గసొంటి దేవుడు లేడు. ఎడ్ల దొంగ కట్టయ్య ఒకడుండె, ఇగో, ఈ మొగిలి తమ్ముడు."

వెంకట్రాజం మెల్లగా మొగిలమ్మ వైపు తిరిగాడు. ఆమె ఇన్నాళ్లుగా ఎదురుచూసింది అతని కళ్లలో అప్పుడు కనబడింది.

"గుర్తుకొచ్చిండా?" అంది మొగిలమ్మ. కేక వేయలేదు. వాకిట్లో ఊపిరి లెక్క చెప్పే గొంతుతోనే చెప్పింది. "టేకు మొద్దు కింద నడుం ఇరిగినోడు. పొద్దు గూకేదాక దూప దూప అన్నోడు. వాగు అవతల ఇప్పచెట్టు కింద నువ్వు బొంద పెట్టినోడు. నీ ఎడ్లను నువ్వే అమ్ముకొని వాన్ని దొంగను చేసినవు. మా అవ్వ ఆ మాట మోసుకుంటనే పోయింది."

"అబద్ధం!" అని అరిచాడు వెంకట్రాజం. "దీనికి పిచ్చి లేసింది."

"అబద్ధమైతే ఫికరేంది? కట్టయ్య మీద ప్రమాణం చెయ్యి. ఎవని పేరు మీద బతుకుతానవో వాని మీద ఒట్టేసి నాకు తెల్వదను. నీ ఎంబడి పడుడు ఇడిసిపెడుత."

వెంకట్రాజం చెయ్యి ఎత్తాడు. "కట్టయ్య..." అన్నాడు. తర్వాతి మాట రాలేదు. ఊపిరి తీసుకున్నాడు, ఆ ఊపిరిలోనూ అదే పేరు. విడిచాడు, మళ్లీ అదే. ఆ పేరును అడ్డం పెట్టుకుని అబద్ధమాడితే గుండె అక్కడే ఆగిపోతుందని అతనికి ఎంత గట్టి నమ్మకమో అతని మొహంలో అందరికీ కనబడింది. నేల మీద కూలబడ్డాడు.

"నీళ్లడిగిండు," అన్నాడు. "నీళ్లియ్యనియ్యలేదు నేను. తాగితే ఇంక కొంచెంసేపు బతుకుతడని..."

ముసలి బండివాడు ఈ మాట చెప్పలేదు. మొగిలమ్మకు ఇది తెలియదు. అన్నేళ్లుగా నిలకడగా ఉన్న ఆమె చేతులు అప్పుడు ఒక్కసారి వణికాయి. చుట్టూ ఉన్నవాళ్లు లేచి అతని మీదికి పోబోతే ఆమే అడ్డం నిలబడింది. "ఎవ్వరు చెయ్యి ఏసినా ఊకోను. వీడు బతకాలె," అంది.

ఎముకల్ని వెంకట్రాజమే చూపించాడు. ఊరి పెద్దలు, పోలీసులు వెంట వెళ్లారు. ఇప్పచెట్టును ఎప్పుడో కొట్టేశారు కానీ దాని మొదలు ఇంకా ఉంది. ఎముకల్ని తెచ్చి ఊళ్లో అందరి ముందు దహనం చేశారు. దినాల నాడు స్నానాలకు నీళ్లు కావలసి వస్తే మొగిలమ్మ చిలుకమ్మను పిలిచింది. "బావిల నీళ్లు నువ్వే చేదాలె. అందరికీ నువ్వే తేవాలె." ముసలిది ఏడుస్తూ మోసింది. అలిసి ఆగినప్పుడల్లా మొగిలమ్మ ఏమీ అనకుండా చూస్తూ కూర్చుంది. సాయం చేయబోయిన కోడళ్లను వద్దని చేయి ఊపింది.

కేసు నిలవలేదు. చెప్పిన మాటను వెంకట్రాజం కోర్టులో కాదన్నాడు, బండ్ల వెంట వెళ్లినవాళ్లలో బతికున్నవాళ్లు ఎవరూ దొరకలేదు. కానీ డిపో ముందు ఆగి దండం పెట్టేవాళ్లు కరువయ్యారు. అతను ఒకసారి దవాఖాన గేటు దగ్గర ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"ఇంకో పేరియ్యి తల్లీ. రాముని పేరు పట్టుకున్న, శివుని పేరు పట్టుకున్న. ఒక్కటి నిలబడుతలేదు. కన్ను మూస్తె వాడే, ఊపిరి గుంజితె వాడే. నిద్ర లేదు."

"సారు ముందే అనేటోడు," అంది మొగిలమ్మ. "కలిసినంక పోదు." గేటు వేసుకుని లోపలికి వెళ్లింది.

సారంగపాణికి సంగతంతా తెలిసింది. ఆమెను పిలిపించి, ముద్ద మాటలతో, చాలా కష్టపడి అన్నాడు. "మంత్రాన్ని... ఉచ్చు చేసినవ్ బిడ్డా."

"అవును సారూ."

"మళ్ల... రాకు."

మొగిలమ్మ ఆయన కాళ్లకు మొక్కింది. తప్పు చేశానని అనలేదు, క్షమించమని అడగలేదు. వీధిలోకి వచ్చాక మాత్రం చాలాసేపు ఎటు పోవాలో తోచక నిలబడింది. ఎస్తేరు వెంట పరుగెత్తుకొచ్చి, "శత్రువును క్షమిస్తెనే అసలు నిమ్మళం మొగిలీ" అంది కళ్లనీళ్లతో. "నీకు దేవుడు అట్ల చెప్పిండక్కా. నాకు చెప్పలేదు," అంది మొగిలమ్మ.

ఉద్యోగం వదిలి పల్లెకు వెళ్లిపోయింది. తల్లి ఇంటిని బాగుచేసుకుని ఉంది. కాలం గడిచేకొద్దీ గుండె దడ అని, నిద్ర పట్టదని ఆడవాళ్లు పొద్దున్నే ఆమె వాకిట్లోకి రావడం మొదలుపెట్టారు. చేతులు ఎత్తడం, దించడం, అరచేతులు రుద్దడం నేర్పేది. నామం మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. ఎవరైనా బతిమాలితే, "మీ దేవుణ్ణి మీరే పిలుచుకోండ్రి. నా నోటి నుంచి అడుగకుండ్రి" అనేది.

1967లో ఒక ఉదయం, అందరూ చేతులు పైకెత్తి నిలబడి ఉండగా, వరంగల్ నుంచి వచ్చిన సమ్మమ్మ అనే ఆమె వెంకట్రాజం పోయాడని చెప్పింది. ఆఖరి రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టలేదట, కూర్చుని తెల్లవార్లూ ఊపిరి పీల్చడానికి భయపడేవాడట.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి అందరివీ.

"ఇంకొన్నేండ్లు బతుకుతడనుకున్న," అంది మొగిలమ్మ. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, "మెల్లగ దించుండ్రి, మెల్లగ" అంది.